అరగరిటె మారు

మా అక్క రాజోలు బడిలో టీచరు. పాఠం చెబుతూ చెబుతూ కుర్చీలోనే కునుకు తీసేది. ఒళ్ళు అంత బరువెక్కింది. కూర్చుంటే లేవడానికి అమ్మ చెయ్యందించాలి. నిద్రలో ఊపిరి ఆగిపోయేది. మళ్ళీ అందుకునేదాకా పక్క మంచం మీద నాకు ప్రాణం ఉండేది కాదు. పథ్యం, నడక, మందులు అన్నీ అయ్యాక కాకినాడ డాక్టరుగారు ఆపరేషన్ అన్నారు. నాలుగైదు చిన్న కన్నాల్లోంచి కెమెరా పంపించి, జీర్ణకోశంలో ముప్పావు వంతు తీసేస్తారట. మిగిలేది అరటికాయంత గొట్టం. నేను నోరు తెరిచేశాను. కొసరి కొసరి పెట్టకూడదని ఆయన చెబుతుంటే అమ్మ ప్రతిదానికీ "ఆయ్" అని తలూపింది.

ఆపరేషనైన మర్నాడే అక్క ఆసుపత్రి వరండాలో నడిచింది. అంతకన్నా వింత, నా చెవిలో మెల్లగా అంది: "ఆకలి వెయ్యట్లేదే. పుట్టినప్పట్నుంచీ నా వెనకే తిరిగింది, ఎక్కడికెళ్ళిందో!"

కొన్ని వారాలు మజ్జిగా, పప్పుకట్టూ. అసలు గండం మెత్తటి అన్నం మొదలుపెట్టిన రోజు వచ్చింది. మా ఇంట్లో ఒక్కసారే వడ్డించి లేపితే శత్రువుకి పెట్టినట్టు. మారు వెయ్యాల్సిందే. అక్క చాలంది. మా వైపు చాలంటే నమ్మేదెవరు? అమ్మ ఇంకో గరిటె వేసింది. తల్లిని నొప్పించలేక ఈవిడ మింగింది. అంతే, గుండెల కింద పట్టేసి, చెమటలు పోసి, అంతా కక్కేసింది. నాకు ఒళ్ళు మండి, దాన్ని చంపేస్తావా అని అరిచేశాను. ఈసారికి ఫరవాలేదుగానీ మళ్ళీ ఇలా కానివ్వొద్దని డాక్టరుగారు ఫోనులో గట్టిగా చెప్పారు. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ, డాక్టరుగారు చెప్పిన కొలత చిన్న గిన్నెలోకి తీసింది. అందులో సగమే అక్క కంచంలో పెట్టింది. అక్క నమిలి నమిలి తిని చెయ్యి ఆపాక, మిగతా సగం వేసింది.

"మారు వేసేను. ఇంక లే తల్లీ," అంది.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నెలలు గడిచాయి. అక్కకి నిద్రలో ఇప్పుడు ఊపిరి ఆగడం లేదు. నేనే అలవాటుకొద్దీ మేలుకుని వింటున్నాను. మొన్న అక్క చాలా ఏళ్ళకి నేల మీద పీటేసుకుని తింది. అదే వడ్డన, సగం, మళ్ళీ సగం. తినడం కాగానే అమ్మ ఎప్పట్లా లేపడానికి చెయ్యి చాచింది. అప్పటికే అక్క పెరట్లో చెయ్యి కడుక్కుంటోంది.