చిత్తడి నేలకు రెండు పటాలు

మా సంఘానికి మేం పెట్టుకున్న పేరు పొడుగ్గా, గౌరవంగా ఉండేది. ఊళ్ళోవాళ్ళు మాత్రం దాన్ని 'బురద సంఘం' అన్నారు. మిగతావాళ్ళం మొహం ముడుచుకున్నాం గాని జిరాక్స్ అక్క ముడుచుకోలేదు. "బురదే కదా మనం కాపాడేది! అననివ్వండి. వాళ్ళ చేతులకంటే శుభ్రంగానే ఉంటుంది," అంది.

ఆవిడ మాట ఎప్పుడూ అంతే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఊరు తనతో మంచిగా ఉండాలన్న ఆశ ఆవిడకు ఎప్పుడో పోయింది. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఎదురుగా ఆవిడ దుకాణం, పక్క గదిలో నా కుట్టుమిషను. మధ్యలో చెక్క గోడ. పదిహేడేళ్ళుగా ఆవిడ మిషను చప్పుడూ ఆవిడ తిట్లూ నాకు సమానంగా వినిపిస్తున్నాయి. కాగితం ఇరుక్కుంటే మిషన్ని తిట్టేది. ఒక్క సంతకం కోసం ఎవరినైనా నెలల తరబడి తిప్పుకుంటే ఆఫీసును తిట్టేది. ఆ ఆఫీసు గుమాస్తా ఎదురుగా నిలబడి ఉన్నా సరే, గొంతు తగ్గేది కాదు.

తండ్రి పోయేనాటికి ఆవిడకు పంతొమ్మిదేళ్ళు, తమ్ముడికి తొమ్మిది. చదువు మానేసి ఆ దుకాణంలో పనికి చేరింది. కొన్నేళ్ళకు దుకాణమే ఆవిడదయింది. తమ్ముణ్ణి సర్వే కోర్సు చదివించింది. ఉద్యోగం వచ్చిన రోజున వాణ్ణి చెయ్యి పట్టుకుని నా దగ్గరికి తీసుకొచ్చి, "వీడికి రెండు చొక్కాలు కుట్టు. జేబులు మాత్రం చిన్నవి పెట్టు, లంచం పట్టకూడదు," అంది. వాడు సిగ్గుపడి నవ్వాడు. నేనూ నవ్వాను.

ఊరికి దిగువన ఉంది ఆ చిత్తడి నేల. నూట పది ఎకరాలు. జమ్ము, తుంగ, మోకాలి లోతు నీళ్ళు, ఎండలు ముదిరితే నెర్రెలు విచ్చిన నల్లమట్టి. ఊరంతటి వాననీరూ అక్కడికే పోయి నిదానంగా ఇంకేది. అటువంటి నేలలో ఒక మూలను మట్టితో పూడ్చి, ఎవరో లారీల షెడ్డు కట్టారు. ఆ ఏడాదే వెనకవీధి మునిగింది. రిటైరైన నర్సు ఒకావిడ ఆ వీధిలో ఉండేది. మంచం మీద కుర్చీ వేసి, కుర్చీలో తల్లిని కూర్చోబెట్టి, ఒక పగలూ ఒక రాత్రీ నడుంలోతు నీళ్ళలో ఆ కుర్చీని పట్టుకుని నిలబడింది. ముసలావిడకు చలి పట్టేసింది. వారం తిరక్కుండానే పోయింది.

ఈ సంగతి నర్సు చెబుతుంటే విన్నాను. మరణ ధ్రువపత్రానికి నకళ్ళు తీయించుకోడానికి అక్క దుకాణానికి వచ్చిందావిడ. అక్క నకళ్ళు తీసిచ్చింది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకుండా ఉండడం నేను చూసింది అదే మొదలు. మర్నాడు ఆ నర్సు, ఒక బస్సు డ్రైవరు, నేను, అక్క, నలుగురం కాగితం కట్టల మీద కూర్చుని సంఘం పెట్టాం.

ఏడాదిపాటు అర్జీలు రాశాం. మట్టి లారీ ఎటు పోతోందో డ్రైవరు తన బస్సులోంచే కనిపెట్టి చెప్పేవాడు. వాన పడ్డప్పుడల్లా నీళ్ళు ఎంతవరకు వచ్చాయో నర్సు తన గోడ మీద గీత గీసి, తేదీ వేసి, పుస్తకంలో ఎక్కించేది. నేను బ్యానర్లు కుట్టాను. పురపాలక ఆఫీసులో ప్రతివాడూ ఒకే మాట చెప్పాడు: "షెడ్డుకు అనుమతి ఉందండీ. అది మెట్ట భూమి. పటంలో అలాగే ఉంది." ఆ పటం చూపించమంటే మాత్రం ఫైలు దొరకడం లేదనేవాళ్ళు.

ఆ పటం తనంతట తనే అక్క బల్ల మీదికి వచ్చింది. మిగిలిన చిత్తడిలో ఇళ్ళ స్థలాలు వేయాలని దరఖాస్తు పెట్టిన ఒక బ్రోకరు, ఫైలు మొత్తానికి నకళ్ళు కావాలని పడేసిపోయాడు. కాగితం వెనక కాగితం తిప్పుతూ అక్క ఆగిపోయింది. చెక్క గోడ మీద కొట్టి నన్ను పిలిచింది.

పటంలో చిత్తడి నేల ముప్ఫై ఎకరాలే ఉంది. తక్కినదంతా మెట్ట, బంజరు. కింద సర్వేయరు సంతకం. ఆ సంతకం చివర పొడుగాటి తోక.

"ఈ తోక వాడికి ఎనిమిదో తరగతిలో వచ్చింది. పిచ్చి వేషాలు వద్దని అప్పుడే రెండు తగిలించాను. సరిపోలేదు," అంది అక్క.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆ రోజు ఆవిడ మొహంలో చూశాను. దుకాణం తలుపు దగ్గరికి వేసి, బల్ల కింద కాగితాల గుట్టను బయటికి లాగింది. మసి అంటి పాడైన నకళ్ళను ఆవిడ పారేసేది కాదు. వెనకవైపు లెక్కలు రాసుకోడానికి దాచేది. తమ్ముడు తను కొలిచి గీసిన పటానికి నకళ్ళు తీసుకోవడానికి అదే దుకాణానికి వచ్చాడని ఆవిడకు గుర్తుంది. ఆ రోజు ఒక నకలు పాడయిందనీ గుర్తుంది. రెండు గంటలు వెతికాం. దొరికింది. కుడి అంచున నల్లటి మరక, గీతలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. నూట పది ఎకరాలు. అదే తోక సంతకం. తేదీ రెండో పటానికి రెండు నెలల ముందుది.

"నువ్వూ రా. నేనొక్కదాన్నే వెళితే వాణ్ణి కొడతాను," అంది.

తమ్ముడి ఇంట్లో ముందుగది శుభ్రంగా ఉంది. వాడు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. అక్క రెండు పటాలూ ఇస్త్రీ బల్ల మీద పరిచింది. వాడు వాటి వైపు సరిగ్గా చూడనైనా లేదు.

"ఇవి నీకెవరిచ్చారు?" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాడు.

"నేల మీద నడిచి కొలిచిందెవరురా?"

"నేనే."

"ఎంతొచ్చింది?"

వాడు ఇస్త్రీ పెట్టెను నిలబెట్టాడు. "నూట పది."

"మరి ఈ ముప్ఫై ఎక్కణ్ణించి ఊడిపడింది?"

"పైవాళ్ళు గీయించారక్కా. నేను గీయలేదు. సంతకం పెట్టమన్నారు, పెట్టాను. పెట్టకపోతే ఎక్కడికో విసిరేస్తామన్నారు. నీకేం, దుకాణంలో కూర్చుని అందర్నీ తిట్టడం తేలికే!"

లోపలినుంచి మరదలు వచ్చింది. "సంతకాలు పెట్టింది ఈయనొక్కరేనా వదినా? ఇంటి గుట్టు మీరే వీధిన పడేస్తారా?"

"నర్సు వాళ్ళమ్మ కూడా ఇంట్లోనే పోయిందమ్మాయ్, వీధిలో కాదు. ఆ షెడ్డుకు అనుమతి ఇచ్చింది ఈ కాగితం మీదే. కంచే చేను మేస్తే ఇంక గుట్టేమిటి?"

తమ్ముడి మొహం పాలిపోయింది. నర్సు తల్లి సంగతి వాడికి తెలుసు. ఆ చావుకూ తన సంతకానికీ మధ్య ఉన్న దారి మాత్రం అంతవరకు నడిచి చూడలేదనుకుంటాను.

తిరిగొస్తూ నేనే నోరు జారాను. "ఒక్కడే తమ్ముడు కదక్కా. వాడి పేరు రాకుండా చూద్దామా?"

ఆవిడ నడక ఆపింది. "పేరు తీసేస్తే సంతకం ఎవరిదవుతుంది? నీలాంటి మంచివాళ్ళ వల్లే వాళ్ళ పని జరుగుతోంది," అంది. ఇన్నేళ్ళయినా ఆ మాట చేసిన గాయం నాకు మానలేదు.

ఆ ఇళ్ళ స్థలాల దరఖాస్తు మీద బహిరంగ విచారణ పురపాలక ఆఫీసు హాల్లో, పొద్దున పదిన్నరకు మొదలైంది. వేదిక మీద పెద్ద అధికారి కూర్చున్నాడు. సిబ్బంది వరసలో తమ్ముడున్నాడు. అక్క రెండు పటాలనూ పక్కపక్కన గోడకు అంటించింది. అధికారి మరక ఉన్న కాగితాన్ని చూసి నవ్వాడు. "ఇది చిత్తు కాగితమమ్మా. దీనికి విలువేముంది?"

ఆవిడ అతనితో మాట్లాడలేదు. సిబ్బంది వరస వైపు తిరిగింది. "సర్వేయరు గారూ," అని పిలిచింది. తమ్ముణ్ణి ఆవిడ 'గారూ' అనడం నేనెప్పుడూ వినలేదు. "ఈ రెండింటిలో మీరు నేల మీద కొలిచింది ఏది?"

వాడు లేవడానికి చాలాసేపు పట్టింది.

"మరక ఉన్నది," అన్నాడు.

"రెండోది?"

"దాని మీద సంతకం నాచేత పెట్టించారు."

"ఎవరు?"

వాడు తలెత్తి వేదిక వైపు చూశాడు. చూసి, కూర్చున్నాడు. హాల్లో ఉన్న మూడు వందలమందిమీ ఆ చూపు ఎక్కడికి పోయిందో చూశాం. కాని చూపును ఏ గుమాస్తా రాసుకుంటాడు?

ఎనిమిది నెలలకు ఆర్డరు వచ్చింది. నూట పది ఎకరాలూ చిత్తడి నేలే, ఎవరూ కట్టడానికి వీల్లేదు. షెడ్డు మాత్రం కోర్టులో ఉందట, అక్కడే నిలబడి ఉంది. తమ్ముణ్ణి ఉద్యోగంలోంచి సస్పెండ్ చేశారు. పెద్ద అధికారికి ప్రమోషన్ వచ్చింది. 'రక్షిత ప్రాంతం' అని బోర్డు పెట్టినప్పుడు రిబ్బను కత్తిరించడానికి వచ్చింది కూడా ఆయనే. మైకులో, "ఈ నేల మనందరి ఊపిరి," అన్నాడు.

"ఊపిరి సంగతి ఈవిణ్ణి అడగండి!" అని అక్క నర్సు చెయ్యి పట్టుకుని ముందుకు నడిచింది. "షెడ్డు అనుమతి మీద మీ సంతకం కూడా ఉంది. అది తోక లేని సంతకం, అంతే తేడా!" ఎవరో మైకు ఆపేశారు. మర్నాడు పేపర్లో వచ్చిన ఫోటోలో ఆవిడ మోచెయ్యి ఒక్కటే మిగిలింది.

ఆర్డరైతే ఇచ్చారు గాని హద్దురాళ్ళు పాతే దిక్కు లేదు. మనుషులు లేరన్నారు, పరికరాలు లేవన్నారు. మేమే పాతుకుంటామని రాసిచ్చాం. మొదటి రోజు మేం నేల దగ్గరికి వెళ్ళేసరికి తమ్ముడు ప్యాంటు పైకి మడిచి, టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అక్క వాణ్ణి పలకరించలేదు, పొమ్మనీ అనలేదు.

డ్రైవరు రాళ్ళు మోశాడు. నర్సు నీళ్ళ గీతల పుస్తకం చూసి లోతులు చెప్పింది. నేను సున్నం పోశాను. వాడు బురదలోకి దిగి, టేపు బిగించి అరిచాడు.

"నలభై ఒకటీ ఇరవై!"

"గట్టిగా చెప్పు. సగం మింగడం నీకు అలవాటేగా," అంది అక్క.

"నలభై ఒకటి మీటర్లూ ఇరవై సెంటీమీటర్లూ!"

"రాశాను. పద."