కొండపల్లి ఎత్తులో కాలు దింపిన రోజు

ఆ ఆదివారం ఉదయం కొండపల్లి అడవి దారిలో, ఏనుగు రాయి ఇంకా పది గజాలుందనగా నా ఎడమ కాలు నేలకు ఆనింది. చైను ఊడలేదు, టైరు దిగలేదు. ఊపిరి అందలేదు, అంతే. అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. అంతకు ముందు నాలుగేళ్లలో ఆ ఎత్తు మీద నేను ఒక్కసారి కూడా కాలు దింపలేదు.

ఇది డెబ్బైల మొదట్లో సంగతి. విజయవాడలో పాఠ్యపుస్తకాలు వేసే ఒక కంపెనీలో పనిచేసేవాణ్ని. స్కూళ్లకు వెళ్లి హెడ్మాస్టర్లకు మా పుస్తకాలు చూపించి ఒప్పించడం నా పని. మైలవరం వైపు స్కూళ్లన్నీ నావే. స్పెసిమెన్ కాపీలు క్యారియర్‌కి కట్టుకుని గుణదలలో బయల్దేరితే గొల్లపూడి, గుంటుపల్లి, ఇబ్రహీంపట్నం, కొండపల్లి, జి.కొండూరు, ఆపైన మైలవరం. బస్సులున్నా నాకు సైకిలే ఇష్టం. తిరుగు ప్రయాణం వెలగలేరు, కొత్తూరు తాడేపల్లి మీదుగా. ఒకే దారిన వెళ్లి అదే దారిన రావడం నాకు చేతకాదు.

అది చాలదన్నట్టు ఆదివారాలు కూడా సైకిలే. గుణదల చర్చిలో తెల్లవారుజాము పూజ కాగానే సాంబశివరావు మా వీధి మొదట్లో నిలబడి బెల్లు కొట్టేవాడు. వాడు కాలవల ఆఫీసులో గుమాస్తా. చల్లపల్లి దగ్గర రైతుల బిడ్డ. కొండలంటే వాడికి భలే విడ్డూరం. వాళ్ల ఊళ్లో ఎత్తయినదంటే గడ్డివామేనట. అప్పటికి ఇబ్రహీంపట్నంలో థర్మల్ గొట్టాలు లేవు. రోడ్డుకు అటూ ఇటూ మామిడి తోటలు, కొండపల్లి దాటితే అడవి. ఫారెస్టు వాళ్లు కంకర పోసిన దారి ఒకటి మెలికలు తిరుగుతూ పైకి వెళ్లేది. పైన నిలబడి చూస్తే బ్యారేజీ ఎగువన నిలిచిన కృష్ణ నీళ్లు కొండల మధ్య దాకా కనిపించేవి. ఆ నీళ్లను చూసి, తెచ్చుకున్న ఇడ్లీలు తిని, బ్రేకులు పట్టుకుని దిగిపోవడం. అంతకన్నా మాకు ఏ సరదా తెలియదు.

ఆ ఎత్తుకి మేం ఒక రూలు పెట్టుకున్నాం. మధ్యలో ఎవడు కాలు దింపితే వాడు ఇక పైదాకా సైకిలు తోసుకుంటూ నడవాలి. రెండోవాడు ఆగకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. ప్రతి వారం నడిచేది సాంబశివరావే. సగం దారిలో, ఏనుగు పడుకున్నట్టుండే బండ, మా ఏనుగు రాయి దగ్గర వాడి పని అయిపోయేది. నేను పైన కూర్చుని వాడు వచ్చేదాకా ఈల వేస్తూ ఉండేవాణ్ని. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ పొగరు నాకు బాగా నచ్చేది.

అందుకే ఆ రోజు కాలు దింపిన సంగతిని చలువ చేసిందని తోసేశాను. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది, దుమ్ము వల్ల అనుకున్నాను. దగ్గు వచ్చేది, చాక్‌పీసు పొడి వల్ల అనుకున్నాను. నా భార్య సలోమి అప్పుడు ఏడో నెల గర్భిణి. నా చొక్కా ఉతికి ఆరేస్తూ, కాలరు వదులైందేమిటని అడిగింది. చొక్కా సాగిందన్నాను. మర్నాడు నన్ను ఆసుపత్రికి లాక్కుపోయింది.

చర్మం మీద మాంటూ, కళ్లెకి స్ప్యూటం పరీక్ష, చెస్ట్ ఎక్స్‌రే. మూడు రోజుల తర్వాత డాక్టరు గారు ఫిల్ముని కిటికీ వెలుగులో పట్టుకుని చూశారు. పొట్టిగా, నిదానంగా మాట్లాడే మనిషి. కుడి ఊపిరితిత్తి పైభాగం, అప్పర్ లోబ్‌లో ప్యాచ్ ఉందని, స్ప్యూటం పాజిటివ్ అని చెప్పారు. నేను ఇంకేమీ అడగకుండా సైకిలు తొక్కొచ్చా అని అడిగాను. ఆయన ఫిల్ము దించి నా వంక చూశారు.

"ముందు మీ ఆవిడ గురించి అడగండి," అన్నారు.

ఆ మాట నన్ను కొట్టినట్టయింది. నాకు టి.బి. అన్నదానికన్నా, అది ఇంట్లోకి తెచ్చానన్నదానికే నాకు భయం వేసింది. సలోమికి ఎక్స్‌రే తీయకుండా కళ్లె పరీక్ష చేశారు. నెగెటివ్. ఆ కాగితం చూశాక బయటికొచ్చి గేటు దగ్గర కూర్చుని ఏడ్చాను.

రోజుకో స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్, తొంభై రోజులు. ఐ.ఎన్.హెచ్. మాత్రలు పద్దెనిమిది నెలలు. నాకు వేరే కంచం, వేరే గ్లాసు, వరండాలో మంచం. రెండు నెలలకే జ్వరం పోయింది. స్ప్యూటం నెగెటివ్ అయింది. మా అమ్మాయి శాంతి పుట్టింది. డాక్టరు గారు ఫరవాలేదన్నాక దాన్ని ఎత్తుకున్నాను. మందులు మొదలుపెట్టిన ఎనిమిదో నెలకి బరువు పెరిగి, అద్దంలో పాత మొహం కనిపించింది.

నేను చేసిన తప్పు ఇక్కడ మొదలవుతుంది. ఇలాంటి తప్పు సైకిలు తొక్కేవాడే చేస్తాడు. సాంబశివరావుని వెంటబెట్టుకుని కొండపల్లి వెళ్లాను. ఏనుగు రాయి దాటాను, పైదాకా కాలు దింపకుండా ఎక్కాను. వాడు తోసుకుంటూ వచ్చి, ఆయాసపడుతూ నా భుజం తట్టి, "నీకేం రోగం లేదురా, రోగం నాకే," అన్నాడు. ఆ మాటే నాకు సర్టిఫికెట్టు. ఎక్స్‌రే కన్నా ఎత్తు గొప్పదనుకున్నాను. మర్నాటి నుంచి మాత్రలు మానేశాను. కడుపులో మంట, ఎవరైనా చూస్తారేమోనన్న బెరుకు, అవన్నీ వదిలాయి. సలోమికి మాత్రం ఆఫీసులో వేసుకుంటున్నానని చెప్పాను. నాలుగు నెలలు చెప్పాను.

ఒక రోజు మైలవరం నుంచి తిరిగొస్తూ వెలగలేరులో బుడమేరు వాగు షట్టర్ల దగ్గర సైకిలు ఆపి నీళ్లు చూస్తున్నాను. వానలు పడి నీళ్లు ఎర్రగా సుడి తిరుగుతున్నాయి. దగ్గు వచ్చింది. రుమాలు తీస్తే అదీ ఎర్రగానే ఉంది. స్పెసిమెన్ కాపీలు గట్టు మీద పెట్టేసి, అక్కడే చాలాసేపు కూర్చున్నాను. కొత్తూరు తాడేపల్లి దాకా సైకిలు నడిపించుకుంటూ వచ్చి, అక్కడ లారీ ఎక్కాను.

ఈసారి ఎక్స్‌రేలో కేవిటీ ఉంది, ఊపిరితిత్తికి గుంట పడింది. డాక్టరు గారు తిట్టలేదు. మందులు ఎప్పుడు ఆపారని అడిగారు. సలోమి పక్కనే ఉంది. చెప్పక తప్పలేదు. కొండ ఎక్కగలిగాను కదా అని కూడా చెప్పాను.

"కొండ ఎక్కడానికి ఒక ఊపిరితిత్తి చాలండి. క్రిములకి ఆ సంగతి తెలియదు," అన్నారాయన.

 ఆ సాయంత్రం సలోమి సైకిలు షాపు అతన్ని పిలిపించి, నా సైకిలు పెడళ్లు రెండూ ఊడదీయించింది. వాటిని గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసింది.

"మందులు అయిపోయాక ఇస్తానండి. ఇక మీద నా ఎదురుగానే మింగాలి," అంది.

ఆ రోజు నుంచి పొద్దునే మాత్ర ఇచ్చి, నీళ్లిచ్చి, నోరు తెరవమనేది. నాలుక కింద కూడా చూసేది. మొదట్లో ఒళ్లు మండేది. అబద్ధం చెప్పిన నోరే కదా, తెరవక ఏం చేస్తాను.

మళ్లీ స్ట్రెప్టోమైసిన్ మొదలుపెట్టారు. నెల దాటాక చెవుల్లో గుయ్‌మని మోత. మంచం దిగితే గది పక్కకు ఒరిగేది. నడిస్తే తాగినవాడిలా తూలేవాణ్ని. డాక్టరు గారు ఇంజెక్షన్ ఆపేసి మాత్రలకి, ఎథాంబుటాల్‌కి మార్చారు. చెవి లోపల బ్యాలెన్స్ దెబ్బతిందని, కొంత తిరిగి రావచ్చని, పూర్తిగా వస్తుందని చెప్పలేనని అన్నారు. రెండు కాళ్ల మీదే నిలబడలేనివాణ్ని రెండు చక్రాల మీద ఏం నిలబడతాను. కంపెనీ వాళ్లు మైలవరం వైపు స్కూళ్లు ఇంకొకరికి ఇచ్చారు. ఆ దారి నాది కాదని మొదటిసారి అనిపించింది.

శాంతికి అప్పుడే నడక వస్తోంది. స్ప్యూటం నెగెటివ్ అయ్యేదాకా దాన్ని దగ్గరికి రానివ్వలేదు. వరండా అంచు పట్టుకుని నా వైపు వచ్చేది, నేను గోడ పట్టుకుని అటు చివరికి జరిగేవాణ్ని. అది ఆటనుకుని నవ్వేది.  తర్వాత దగ్గరికి రానిచ్చాక ఇద్దరం కలిసే గోడ పట్టుకుని నడక నేర్చుకున్నాం. అది నాకన్నా ముందు నేర్చుకుంది.

సాంబశివరావు ప్రతి ఆదివారం వచ్చేవాడు. బెల్లు కొట్టేవాడు కాదు. వరండా మెట్టు మీద కూర్చుని, వారం వారం ఒక దారి చెప్పేవాడు. జి.కొండూరు దగ్గర తారు వేశారని, మైలవరం చెరువు నిండిందని, అడవిలో మోదుగలు పూశాయని. కొండపల్లి ఎత్తు సంగతి మాత్రం ఎత్తేవాడు కాదు. అడిగితే, ఒక్కడికే బోరుగా ఉందని వెళ్లడం మానేశానన్నాడు.

ఈసారి పద్దెనిమిది నెలలు నిండాయి. డాక్టరు గారు నా కార్డు మీద అడ్డంగా గీత గీసి సంతకం పెట్టారు. సలోమి ట్రంకు పెట్టె తెరిచి గుడ్డ మూట నా చేతిలో పెట్టింది. పెడళ్లకు తుప్పు పట్టకుండా కొబ్బరి నూనె రాసి ఉంచింది. నెల రోజులు గుణదల వీధుల్లో పడుతూ లేస్తూ తొక్కాను. పిల్లలు నవ్వారు. నవ్వుకోనిచ్చాను. బ్యాలెన్స్ చాలావరకు వచ్చింది. చీకట్లో మాత్రం ఇప్పటికీ గోడ పట్టుకుంటాను.

ఒక ఆదివారం బెల్లు మోగింది. బయల్దేరుతుంటే సలోమి గుమ్మంలోకి వచ్చింది.

"ఆ రాయి దగ్గర కాలు దింపండి. ఊపిరున్నా సరే దింపండి. నాకోసం," అంది.

ఏనుగు రాయి దాకా ఇబ్బంది లేకుండానే ఎక్కాను. ఇంకా తొక్కగలను, ఆ సంగతి నా కాళ్లకు తెలుసు. పాత పొగరు లేచింది కూడా. అయినా బ్రేకు పట్టి ఎడమ కాలు కంకర మీద పెట్టాను. ముందు సాంబశివరావు ఉన్నాడు. అన్నేళ్లలో మొదటిసారి వాడు రాయి దాటాడు. రూలు ప్రకారం వాడు ఆగకూడదు, చూడకూడదు. ఇంకో ఇరవై గజాలు తొక్కితే మలుపు తిరిగి కనుమరుగయ్యేవాడు. చైను చప్పుడు ఆగింది. వాడు రెండు కాళ్లూ దింపి, సైకిలు తిప్పుకుని నా దగ్గరికి వచ్చాడు.

"పదరా, నడుద్దాం," అన్నాడు.

ఇద్దరం తోసుకుంటూ పైకి వెళ్లాం. నీళ్లు అలాగే ఉన్నాయి.

ఇప్పుడు నాకు డెబ్బై దాటి చాలా ఏళ్లయింది. ఆ అడవి దారి ఎలా ఉందో తెలియదు, కానీ పొద్దునపూట కాలవ గట్టున కాస్త దూరం సైకిలు తొక్కుతూనే ఉన్నాను. ఎక్కడ ఆయాసం వస్తే అక్కడ కాలు దింపుతాను. సాంబశివరావు చల్లపల్లిలో ఉంటాడు. ఆదివారం పొద్దున ఫోన్ చేసి, హలో అనకుండా సైకిలు బెల్లు వినిపిస్తాడు.

టి.బి. మందులు వాడుతున్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. నాకు కొండపల్లి ఎత్తు ఉన్నట్టే మీకూ ఏదో ఒకటి ఉంటుంది. బస్తా మోయడమో, గబగబా మెట్లెక్కడమో, కడుపునిండా తినడమో. అది చేయగలిగానని మందు ఆపకండి. ఆపమనాల్సింది డాక్టరు. అప్పటిదాకా ఇంట్లో ఒక మనిషి ఎదురుగా మాత్ర మింగండి.

నాకిప్పుడు బి.పి. మాత్ర ఒకటి ఉంది. సలోమికి చూపు తగ్గింది, నాలుక కింద ఏముందో ఆమెకు కనిపించదు. అయినా పొద్దునే నీళ్ల గ్లాసు ఇచ్చి నోరు తెరవమంటుంది. తెరుస్తాను.