కంటికి ఒకటి, యంత్రానికి రెండు

బల్గేరియాలో, రూసె ఊళ్లోని ఆ కంపెనీ ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ రాస్తుంది. అందులో పద్నాలుగు బృందాలున్నాయి. అందరి కోడులోనూ తప్పులు పట్టే నియమాల ప్యాకేజీ మాత్రం ఒక్కటే. దాన్ని తొమ్మిదేళ్లుగా చూసుకుంటున్నది ఇస్క్రా. ఎవరూ అప్పగించలేదు, ఎవరూ ముట్టుకోకపోతే తనే నెత్తికెత్తుకుంది. అంతా సవ్యంగా ఉన్నంతకాలం అలాంటి ప్యాకేజీ ఒకటుందనే ఎవరికీ గుర్తుండదు. ఎవడి బిల్డ్, అంటే కోడును ప్రోగ్రాముగా కట్టే పని, ఆగినా చాలు, తిట్టడానికి ఇస్క్రా పేరు నోటికి వచ్చేస్తుంది.

ఏప్రిల్లో ఒక పసిపిల్ల మందు మోతాదు తెరమీద రెండింతలు కనిపించింది. నర్సు కనిపెట్టింది కాబట్టి సరిపోయింది. కోడు చూస్తే ఏ తప్పూ లేదు. ఇస్క్రా రెండు రోజులు తల బద్దలుకొట్టుకుంటే తేలింది: మోతాదు అన్న పేరులో ‘ఓ’ అక్షరం ఒకచోట ఇంగ్లీషుది, ఇంకోచోట బల్గేరియన్‌ది. రెండూ గుండ్రంగా ఒక్కలాగే ఉంటాయి. యంత్రానికి మాత్రం అవి రెండు వేరు వేరు పేర్లు. ఒకదానిలో మోతాదు సగానికి తగ్గించి, తగ్గించని రెండోదాన్ని తెరమీద చూపించింది. కీబోర్డు భాష మార్చడం మరిచిపోవడం అక్కడ అందరికీ ఉన్న జబ్బే.

అందుకే ఇస్క్రా కొత్త నియమం రాసింది. కోడులోని పేర్లలో బల్గేరియన్ అక్షరం కనిపిస్తే బిల్డ్ ఆగిపోవాలి. నెల ముందు నుంచీ మూడుసార్లు అందరికీ ఉత్తరాలు పంపి, మంగళవారం పొద్దున ప్యాకేజీని విడుదల చేసింది.

గంట తిరక్కుండా ప్లామెన్ చేతిలో బానిత్సా అనే జున్ను రొట్టె ముక్కతో ఊడిపడ్డాడు. ఒక బృందానికి పెద్ద అతను. వెనకాలే డైరెక్టర్ లాచెజార్.

“ఏంటక్కా ఈ దిక్కుమాలిన నియమం? నలభై ఒక్క తప్పులట! మావాళ్లంతా గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారు.”

“మూడు ఉత్తరాలు పంపాను కదా?”

“నీ ఉత్తరాలు ఎవడు చదువుతాడక్కా?”

ఇస్క్రాకు ఒళ్లు మండిపోయింది. “ప్యాకేజీ పాత నంబరు దగ్గరే ఆగమని మీ కోడులో ఒక్క ముక్క రాసుకుంటే నీకీ గొడవే లేదు. కొత్తది రాగానే లాక్కొచ్చుకోమని పెట్టింది నువ్వు. తిట్లు నాకా? ఆ నలభై ఒకటిలో ఒక్కటి తప్పుగా పట్టిందని చూపించు!”

ప్లామెన్ తెరమీదికి వంగాడు. “రెండూ ఒకేలా ఉన్నాయి కదక్కా!”

“అదేరా నాయనా నా ఏడుపు!”

లాచెజార్ విసుక్కున్నాడు. “ఎల్లుండి ఆసుపత్రికి ఇవ్వాలి. ఆ నియమం తీసెయ్ ఇస్క్రా. ఒక్క అక్షరానికి ఇంత రాద్ధాంతమా?”

“మరి ఆ పిల్ల మందు సంగతేంటండీ?”

“ఏం కాలేదుగా!”

ఇస్క్రా నియమం తీసేసింది. నంబరు మార్చి, ఏం మారిందో కింద రాసి, తెరను ఆయన వైపు తిప్పింది. అందులో ఇలా ఉంది: “ఒకేలా కనిపించే అక్షరాల నియమం తీసేశాం. తీసేయమన్నది లాచెజార్ దోబ్రెవ్. మోతాదు తప్పితే ఆయన్ని అడగండి.”

“నా పేరెందుకు? ప్యాకేజీ నీది!”

“తొమ్మిదేళ్లుగా ప్రతిదాని కిందా నా పేరే ఉంది. ఈ నిర్ణయం నాది కాదు. ఒకసారి బయటికి వదిలాక దిద్దడం కుదరదు, బాగా చదువుకోండి. వదలమంటారా?”

ఆయన రెండుసార్లు చదివాడు. మెడ ఎర్రబడింది.

“సరే, ఉండనీ ఆ నియమం. ప్లామెన్, నీ అక్షరాలు నువ్వు దిద్దుకో.”

ఇద్దరూ వెళ్లిపోయారు. గెలిచానన్న సంతోషం ఇస్క్రాకు రవ్వంత కూడా కలగలేదు. పసిపిల్ల ప్రాణమంటే చీమకుట్టినట్టయినా లేని మనిషికి, తన పేరు కనబడగానే ఎంత భయం పుట్టింది!