అరవడం మానేసిన బ్రేకు

హన్మకొండ దాటింది మొదలు మా బస్సు ముందు ఒక ఎర్రటి స్పోర్ట్స్ కారు పోతోంది. బారికేడ్ వచ్చినప్పుడల్లా దాని బ్రేకులు రేకును మేకుతో గీకినట్టు కీచుమనేవి. బస్సులో అందరూ చెవులు మూసుకున్నారు.

“దాని బ్రేకులు పోయినట్టున్నయ్ కాకా,” అన్నాను పక్క సీటు పెద్దాయనతో.

ఆయన మాత్రం కళ్లు మూసుకుని, పాట వింటున్నట్టు వింటున్నాడు. గోళ్ల సందుల్లో మెకానిక్ మసి.

“పోలే బిడ్డా. అవి రేసు కార్లకేసే బ్రేకు ప్యాడ్లు. సల్లగుంటే గిట్లనే మొత్తుకుంటయ్. జర వేడెక్కనియ్, సప్పుడు బందైతది. గప్పుడు సూడు వాటి పట్టు.”

నేను నమ్మలేదు. కారు దూకడం, ఆగడం, మళ్లీ దూకడం. నిజంగానే ఒక్కో బారికేడ్‌కూ అరుపు సన్నబడుతూ వచ్చింది.

రఘునాథపల్లి దగ్గర ఒక ముసలమ్మ బర్రెను తోలుకుంటూ రోడ్డు మధ్యకు వచ్చేసింది. కారు మంచి వేగం మీదుంది. “అయ్యో, ముసలమ్మా!” అని బస్సంతా లేచి నిలబడింది.

కారు ఆగింది. బర్రెకు మూరెడు దూరంలో. ఎంత నిశ్శబ్దంగా ఆగిందంటే, ముసలమ్మ తల కూడా తిప్పకుండా రోడ్డు దాటిపోయింది.

పెద్దాయన వైపు తిరిగాను.

“ఆగింది గదా,” అన్నాడు. ఆయన కళ్లు ఇంకా మూసే ఉన్నాయి.