బావ నోట నా తప్పు

మా బావ మీద నాకున్న అసూయ ఇప్పటిది కాదు. బావ అన్నానని చుట్టరికం అనుకోకండి. విశాఖలో మగవాళ్లం ఒకరినొకరం అలాగే పిలుచుకుంటాం. ఇద్దరం ఒకే మేడం దగ్గర ఫిజిక్స్‌లో పీహెచ్‌డీకి చేరాం. మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అతనిది శ్రీకాకుళం వైపు వ్యవసాయ కుటుంబం. గోపాలపట్నంలో గది అద్దెకు తీసుకుని ఉండేవాడు. నేను ఆచితూచి మాట్లాడతాను. అతను మేడం ముందు కూడా 'నేను' అనకుండా 'నాను' అనే అనేవాడు. అయినా మేడం అతని మాటలకే నవ్వేవారు. నా కడుపుమంట అక్కడ మొదలైంది.

రెండో ఏడాదిలో రుషికొండ మీద ఒక క్యాంపస్‌లో మాకు వారం రోజుల శిక్షణ పెట్టారు. కణాలను ఢీకొట్టించే ప్రయోగాల్లో వచ్చే డేటా ఒకచోట పట్టేది కాదు. ముక్కలు చేసి దేశదేశాల్లోని కంప్యూటర్లలో ఉంచుతారు. ఆ కంప్యూటర్లన్నీ కలిస్తే గ్రిడ్. డేటాను మన దగ్గరికి తెచ్చుకోలేం కాబట్టి మన ప్రోగ్రామునే దాని దగ్గరికి పంపిస్తాం. అలా పంపిన ఒక్కో పనినీ జాబ్ అంటారు. అవి అక్కడ నడిచి ఫలితాల ఫైళ్లు తిరిగి పంపుతాయి. వాటిని కలిపి గ్రాఫు గీస్తే, మనం వెతుకుతున్న కణం ఉన్నచోట గీత గుట్టలా లేస్తుంది. ఆ పని నేర్పడానికే ఈ శిక్షణ.

"ఆఖరి రోజు ఇద్దరూ మీ గ్రాఫులు చూపించండి. అసలు డేటా మీద పని ఒకరికే ఇవ్వగలను. రెండోవారు ల్యాబులో డిటెక్టర్ పరీక్షలు చూసుకోవాలి" అని మేడం ముందే చెప్పేశారు. కణాలను పసిగట్టే ఆ పరికరాల పరీక్షలు చిన్న పనేం కాదు. కానీ నేను పీహెచ్‌డీకి చేరిందే ఆ డేటా కోసం.

రోజూ ద్వారకా నగర్ బస్ కాంప్లెక్సులో కలుసుకుని రుషికొండ బస్సెక్కేవాళ్లం. అతను ముందే వచ్చి, కిటికీ పక్క సీటులో రుమాలు వేసి నాకోసం ఆపేవాడు. నేను అందులోనే కూర్చుని లోలోపల కుళ్లుకునేవాడిని.

గ్రిడ్‌కి కూడా అతనంటేనే ఇష్టమేమో అనిపించేది. అతని జాబులు పంపినవి పంపినట్టు పచ్చరంగులోకి మారిపోయేవి, అంటే పని అయిపోయినట్టు. నావి క్యూలో పడి మూలిగేవి. చివరికి సగం ఎర్రబడేవి, అంటే చెడిపోయినట్టు.

"ఏటి బావా, మొకం అలగెట్టినావు? ముందు సిన్న ముక్క మీద నడిపి సూడు. అది ఆడితే అప్పుడు మొత్తం పంపు" అనేవాడు.

మొదటి రోజే బోర్డు మీద రాసిన సంగతి అది. నాకూ తెలుసు. తెలిసిన సంగతే అయినా అతని నోట వింటే ఒళ్లు మండేది.

ఆఖరి రోజు పొద్దున్న నా గ్రాఫు వచ్చింది. నా గుట్ట అతని గుట్ట కంటే ఎత్తుగా ఉంది. ఇద్దరిదీ ఒకే డేటా కదా, ఎత్తు ఎందుకు తేడా వచ్చిందని అనుమానపడాల్సింది. సంతోషంలో ఉన్నవాడికి అనుమానాలెక్కడివి? పరుగున వెళ్లి మేడంకి చూపించాను. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని "బాగుందే" అన్నారు. టీ తాగేచోట బావ భుజం తట్టాను కూడా, పాపం అన్నట్టు.

"ఇలాగియ్యి, సూత్తాను" అని అతను నా ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు. కాసేపు ఫైళ్ల పేర్లు చూసి గొంతు తగ్గించాడు.

"బావా, ఎర్రగా వచ్చినవి మళ్లీ పంపినావు కదా?"

"పంపాను."

"అవన్నీ ఉత్తినే పోలేదు బావా. కొన్ని పనంతా సేసి, ఫైలు కూడా రాసేసి, ఆఖర్న పడిపోనాయి. నువ్వు ఆటినీ ఈటినీ కలిపేసినావు. ఒకే గుద్దుడు రెండుసార్లు లెక్కకొచ్చేసింది, గుట్ట అందుకే అంతెత్తు లేసింది. ఇంకా టైముంది, పాతవి తీసేయి. నానెవలికీ సెప్పను."

అతను ఊరుకుని ఉంటే మేడం అందరి ముందూ నన్ను కడిగేసేవారు, డేటా అతనికి దక్కేది. ఊరుకోలేదు. మంచితనంలో కూడా ఈ మనిషి నాకంటే ముందే ఉండాలా అని పళ్లు నూరుకుంటూ పాత ఫైళ్లు తీసేశాను. నా గుట్ట దిగివచ్చి అతని గుట్టతో సమానమైంది.

మధ్యాహ్నం మేడం నా గ్రాఫు చూసి, "పొద్దున్న ఇంకా ఎత్తుగా ఉందే?" అన్నారు.

"కొన్ని రెండుసార్లు కలిసిపోయాయి మేడం. తీసేశాను."

"ఎవరు పట్టుకున్నారు?"

నేనే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. బావ నేల చూపులు చూస్తున్నాడు, నేనేం చెప్పినా తలూపడానికి సిద్ధంగా. అది చూసి నాకు మరీ మండింది. అతని దయతో గెలవడం కంటే ఓడిపోవడమే నయమనిపించింది. "ఇతను" అన్నాను. డేటా అతనికి ఇచ్చారు.

నేను డిటెక్టర్లతోనే డాక్టరేట్ తెచ్చుకుని, ఈ ఊళ్లోనే ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఈమధ్య నా విద్యార్థులను అదే శిక్షణకు తీసుకెళ్లాను. ఇప్పుడు అక్కడ నేర్పేది బావే. ముందు వరుసలో తన సంచీ పెట్టి నాకు సీటు ఆపాడు.

చెడిపోయిన జాబులను మళ్లీ పంపే పాఠం దగ్గర అతను ఆగాడు. "మీలాగ నేర్సుకున్నప్పుడు నానొక తెలివితక్కువ పని సేసినాను" అని మొదలుపెట్టాడు. ఎత్తుగా లేచిన గుట్ట, మేడం దగ్గరికి పరుగు, టీ దగ్గర స్నేహితుడి భుజం తట్టడం, ఏదీ వదల్లేదు. అన్నీ తనే చేసినట్టు చెప్పాడు. హాలంతా పడిపడి నవ్వింది. నా పక్కనున్న నా విద్యార్థిని, "అంత పెద్దాయన తన తప్పు ఎంత చక్కగా చెప్పుకున్నారో చూడండి సార్" అంది.

నా పరువు కాపాడుతున్నాడని తెలుసు. అయినా కడుపు భగ్గుమంది. డేటా తీసుకున్నాడు, సరే. నా తప్పైనా నాకు మిగల్చడా? నా దగ్గరున్నన్నాళ్లూ అది సిగ్గు. అతని నోట పడేసరికి పాఠమైపోయింది. ఇక ఆగలేక లేచి నిలబడ్డాను.

"ఆ తప్పు చేసింది ఆయన కాదు, నేను."

అందరూ నావైపు తిరిగారు. బావ నావైపు చూసి, ముఖం నిండా నవ్వాడు.

"ఆయన మా బావ. నన్నెప్పుడూ ఇలాగే ఎనకేసుకొస్తాడు."

అందరూ చప్పట్లు కొట్టారు. నా మాట ఒక్కరూ నమ్మలేదు. అతను ఆపిన సీటులోనే మళ్లీ కూర్చున్నాను.