బొమ్మ లోపలి లెక్క

మొన్న మంగళవారం పదీ ఇరవైకి, కంటి దవాఖానలో చీర కట్టిన మరమనిషి నా ముందుకొచ్చి ఆగింది. దాని నుంచి వేడెక్కిన రంగు వాసన వచ్చింది. ఆ వాసనకు మా మార్తా మేడం గుర్తొచ్చారు.

అప్పట్లో జహీరాబాద్ బడిలో ఆమె హెడ్మిస్ట్రెస్, నేను కొత్తగా చేరిన లెక్కల టీచర్ని. సైన్సు ప్రదర్శనకు రేకుతో, అట్టతో ఆడమనిషి బొమ్మను చేసి రంగు పూశాం. కళ్లలో ఆ రంగును వేడెక్కించే బల్బులు, నోట్లో గొట్టం, లోపల ముక్కాలిపీట మీద నేను. ఎవరు ఏ లెక్క అడిగినా గొట్టంలోంచి జవాబు చెప్పేదాన్ని. యంత్రమే చెబుతోందని నమ్మి జనం చెప్పులు విడిచి మరీ అడిగేవారు. మేడంకు అది నచ్చలేదు. "లోపల మనిషి ఉన్నదని బోర్డు పెడదాం" అన్నారు. "పెడితే ఇంకెవరొస్తరు మేడం?" అన్నది నేనే.

మధ్యాహ్నం ఝరాసంగం రైతు మాణయ్య వచ్చాడు. "నా చేను రెండు ముప్పై. ఎకరాకు నాలుగు కిలోల జొన్న విత్తనం. మొత్తం ఎంతైతది?" రెండు పాయింటు ముప్పై అనుకుని, తొమ్మిది కిలోల రెండు వందల గ్రాములన్నాను. ఆయన బొమ్మకు దండం పెట్టి కదిలాడు. "గింత తక్కువనా?" అని ఎవరో అంటే, "మిషిన్ తప్పు చెప్తదా?" అన్నాడు. అప్పుడు తట్టింది. మా వైపు రెండు ముప్పై అంటే రెండెకరాల ముప్పై గుంటలు. ఎకరాకు నలభై గుంటలు. కావలసింది పదకొండు కిలోలు. నా మాట వింటే సరిగ్గా పద్దెనిమిది గుంటలు బీడు పడతాయి.

గొట్టంలోంచే పిలవబోయాను. మేడం వెనక తలుపు తెరిచారు. "బొమ్మ నోటితోని కాదు సులోచనా. బయటికొచ్చి, మొఖం చూపెట్టి చెప్పు."

జుట్టుకంటిన అట్టపీచుతోనే ఆయన ఎక్కబోతున్న ఆటో దాకా పరుగెత్తి, పుల్లతో నేల మీద లెక్క వేసి చూపించాను. మాణయ్య నన్నూ, దూరాన కనిపిస్తున్న బొమ్మనూ మార్చి మార్చి చూసి పగలబడి నవ్వాడు. "గా రేకుబొమ్మ కన్న నువ్వే నయం బిడ్డా. తప్పయితే ఉరికొచ్చినవ్."

ఆ తరువాత లోపలున్న నేను అందరికీ కనబడేలా మేడం ఆ తలుపు తెరిచే ఉంచారు. జనం తగ్గలేదు, పెరిగారు. దండాలు మాత్రం ఆగిపోయాయి. "జర మల్ల చూడు టీచరమ్మా" అని నిలదీయడం మొదలుపెట్టారు. ఆనాటి నుంచి ఎవరికి లెక్క చేసిచ్చినా, కింద చేసిన పద్ధతీ నా పేరూ రాస్తాను.

అందుకే దవాఖాన మరమనిషినీ అడిగాను. "లోపల ఎవరున్నరమ్మా?"

"ఎవరూ లేరు. నేను యంత్రాన్ని. నా మాట తప్పు కావచ్చు. అనుమానముంటే మూడో కౌంటర్లో అడగండి."

మూడో కౌంటర్లోని అమ్మాయి నవ్వి చెయ్యెత్తింది. నేను నడిచి చూశాను. మరమనిషి నుంచి ఆ అమ్మాయి దాకా పదకొండు అడుగులు. ఉరికొచ్చేంత దగ్గరే.