గుంత మీద పూలకుండీలు

ఆ రోజు నీళ్ళ ఆఫీసు లైన్‌మన్ మా గల్లీలోకి వచ్చాడని తెలియగానే, వాకిట్లో ఉన్న నా నల్లా గుంతను షాబాదు బండతో మూసేశాను. బండ మీద రెండు క్రోటన్ కుండీలు పెట్టాను. చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనివాడిలా గేటు దగ్గర నిలబడ్డాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

సీతాఫల్‌మండిలో మాకు రోజు విడిచి రోజు నీళ్ళు వచ్చేవి. అదీ సన్నటి ధార. నల్లా ఎంత కిందికి ఉంటే ధార అంత లావు కాబట్టి ఇంటింటా గుంత తవ్వి, అడుగున నల్లా బిగించుకున్నాం. అందరికంటే లోతైన గుంత నాది. పక్కనున్న మోరీ నుంచి మురికినీళ్ళు అందులోకి ఊరేవి. ధార ఆగిపోయాక కూడా నల్లా కట్టేసేవాణ్ణి కాదు. రబ్బరు పైపు గుంతలోనే పడి ఉండేది. లైనులో నీళ్ళు తగ్గితే ఆ మురికి పైపు గుండా గల్లీ అందరి నీళ్ళలోకి వెనక్కి పీల్చుకుపోతుందని, నల్లా బిగించిన మనిషి ఆనాడే చెప్పాడు. "అందరూ చేసేదేగా" అన్నాను. బడిలో ఆరోగ్య పాఠం చెప్పే పంతులునైన నేను అన్న మాట అది.

ఆ వారం గల్లీలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. పక్కింటి పాలామె భర్తను ఆసుపత్రిలో చేర్చారు. మంచినీళ్ళ పైపును మురుగు పైపు పక్కనే పాతిన ఆఫీసును నేను గొంతు చించుకుని తిట్టాను. ఆ తిట్లలో అబద్ధం లేదు. ఆ పని చేసినవాళ్ళను ఇవాళ్టికీ క్షమించలేను. అయితే ఆ తిట్ల చాటునే నా గుంతనూ దాచుకున్నాను.

లైన్‌మన్ నా గేటు దగ్గర ఆగాడు.

"సార్, మీ ఇంట్ల గుంత గిట్ల ఉందా?"

"మా ఇంట్లో ఎందుకుంటుంది? ముందు ఆ పక్కింటి బర్రెల కొట్టం చూడండి. ఎంత పేడో."

పాలామె విననే విన్నది. "ఏందీ సార్, గట్లంటరు? నా బర్రెలు రోడ్డు కిందికెళ్ళి పైపుల జొర్రినయా?"

గల్లీ నవ్వింది. కానీ నవ్వినవాళ్ళే కొట్టం వైపు చెయ్యి చూపించారు. ఎవరి గుంత వాళ్ళకుంది మరి. లైన్‌మన్ ఆమె నల్లాకు బిరడా కొట్టేశాడు. "జెర ఆగమ్మా, సాబ్ వచ్చి చూసేదాక బంద్." నేను గేటు వేసుకుని లోపలికి పోయాను.

మళ్ళీ నీళ్ళొచ్చే రోజు పొద్దున ఆమె బిందె తీసుకుని నా వాకిట్లోకే వచ్చింది.

"సార్, ఒక్క బిందె ఇయ్యుండ్రి. ఆయనకు జావ కాసి దవాఖానకు తీస్కపోవాలె."

నా భార్య గడపలో నిలబడి నా వైపే చూస్తోంది. బిందె నింపితే ఆ రోగి కడుపులోకి మళ్ళీ అవే నీళ్ళు. లేవంటే ఇంకో అబద్ధం. కుండీలు పక్కకు జరిపి బండ ఎత్తాను. నల్లగా నిలిచిన నీళ్ళలో రబ్బరు పైపు మూతి మునిగి ఉంది.

ఆమె వంగి చూసింది.

"గీ నీళ్ళేనా మేం తాగింది?"

"అవునమ్మా."

"మరి నా బర్రెల మీద జెప్పినవేంది?" అంతవరకూ నన్ను 'మీరు' అన్న మనిషి 'నువ్వు'లోకి దిగింది. "ఆ చెట్లేందో మంచిగున్నయనుకున్న. నా బర్రెలు సుత ముట్టవు వాటిని."

ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

నేను బడికి పోలేదు. లైన్‌మన్‌ను వెతికి పట్టుకుని వెంటబెట్టుకొచ్చాను. గల్లీ అంతా చూస్తుండగా గుంత చూపించి, అబద్ధమాడానని చెప్పాను. ఆమె నల్లా బిరడా తీయించి నా నల్లాకు వేయించాను. మొరం తెచ్చి గుంత నేనే పూడ్చాను. "పిచ్చోడివా మాస్టారూ" అన్నారు గుంతలున్న పెద్దమనుషులు. వాళ్ళ గుంతలూ పూడ్చమని ప్రతి గుమ్మం ముందూ అడిగాను. ఒక్కరూ కదల్లేదు. నాలాంటివాళ్ళే అందరూ. ఆ కోపం ఎవరి మీద చూపించను?

ఆమె భర్త ఇంటికి వచ్చేదాకా మలుపులోని బోరింగు దగ్గర నీళ్ళు కొట్టి, ఇంట్లో కాచి, చల్లార్చి ఆసుపత్రికి మోశాను. ఆమె క్యాను అందుకునేది. మూత తీసి, వెలుతురుకు పట్టి చూసి, నా ఎదురుగానే ముందు తాను ఒక గుక్క తాగేది. ఆ తర్వాతే ఆయనకు పోసేది.